పెట్రోల్ మినీ ట్రక్కు మొరాయిస్తే: ఏం పోయిందో మీరే పట్టుకోండి

తెల్లవారుజామున మూడు గంటలు. బండిలో పాతిక క్రేట్ల టమాటా. ఆరింటికల్లా మదనపల్లె మార్కెట్‌లో ఉండాలి. తాళం తిప్పితే ‘టక్’ అని ఒకే ఒక్క చప్పుడు, అంతే. పక్కింటి వాళ్లను లేపి, తోయించి, ఎలాగో స్టార్ట్ చేసి వెళ్లాను. ఆ వారమే కొత్త బ్యాటరీ వేయించాను. నాలుగు రోజులు బాగానే ఉంది, మళ్లీ ‘టక్’. సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసేది) విప్పించి కార్బన్లు, బుష్షులు మార్పించాను. ఇంకో వారం బాగుంది, మళ్లీ అదే. చివరికి మా ఊళ్లో మోటార్లు చుట్టే పెద్దాయన మల్టీమీటర్ తెచ్చి రెండు చోట్ల పెట్టి చూసి, “బ్యాటరీకేం కాలేదు నాయనా, కరెంటు తిరిగొచ్చే దారి తుప్పు పట్టింది” అన్నాడు. ఇంజిన్ నుంచి చాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు. ఎమరీ పేపరుతో రుద్ది బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఒక బ్యాటరీ, ఒక సెల్ఫ్ రిపేరు, రెండు మార్కెట్ రోజులు పోయాక తేలిన సంగతి ఇది.

అప్పటి నుంచి నాదొకటే పట్టు: కొలవకుండా పార్టు కొనను. ఆ కొలతలు ఎక్కడ, ఏ వరుసలో తీయాలో ఇక్కడ రాస్తున్నాను.

డీజిల్ అలవాటు పక్కన పెట్టాలి

2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బండ్ల పొగ మీద కఠినమైన నిబంధనలు) వచ్చాక చిన్న డీజిల్ ఇంజిన్ల ఖర్చు పెరిగిపోయింది. అప్పటి నుంచి చిన్న ట్రక్కుల్లో పెట్రోల్ బాగా కనిపిస్తోంది. మారుతి సూపర్ క్యారీ నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్‌తో, టాటా ఏస్ గోల్డ్ పెట్రోల్ రెండు సిలిండర్ల 694 సీసీ ఇంజిన్‌తో వచ్చాయి. డీజిల్ మీద చేయి తిరిగినవాళ్లు బండి స్టార్ట్ కాకపోతే ముందు ఎయిర్ లాక్, నాజిల్ అంటూ వెతుకుతారు. పెట్రోల్ ఇంజిన్‌కి కావాల్సినవి నాలుగు: సరైన సమయానికి స్పార్క్, సరిపడా పెట్రోల్, గాలి, సిలిండర్‌లో కంప్రెషన్ (గాలి, పెట్రోల్ గట్టిగా నొక్కుకోవడం). ఆగిన ప్రతి పెట్రోల్ బండిలోనూ వీటిలో ఏదో ఒకటి తగ్గి ఉంటుంది. ఎలక్ట్రికల్ వైపు చూస్తే ఇంకా తేలిక. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు పని చేసి మైనస్‌కి తిరిగి రావాలి. ఎక్కడ ఆగిందో చూడటమే మన పని.

సామాను

మల్టీమీటర్ ఒకటి, కొన్ని వందల రూపాయల్లో దొరికేదైనా చాలు. ఒక టెస్ట్ ల్యాంపు. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఓబీడీ రీడర్, బండి కంప్యూటర్ రాసిపెట్టిన తప్పుల కోడ్లు, అంకెలు చదివేది. బీఎస్6 బండ్లలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, ఎక్కువగా స్టీరింగ్ కింద. ప్లగ్ పానా, టార్చి, ఎమరీ పేపరు, ఒక నోట్‌బుక్.

జాగ్రత్తలు కూడా ఇప్పుడే చెప్పేస్తాను. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, ప్రెషర్‌తో మరిగే నీళ్లు ముఖం మీదకి వస్తాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, స్టాండో గట్టి చెక్క దుంగో పెట్టండి. పెట్రోల్ పైపులో ఇంజిన్ ఆపాక కూడా ప్రెషర్ ఉంటుంది, బీడీ కాల్చేవాళ్లను పక్కకి పంపాకే దాన్ని ముట్టుకోండి.

మొదటి మెట్టు: పానా పట్టుకునే ముందు

ఐదు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాసుకోండి. సమస్య చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగానా, లోడుతోనా? వాన పడ్డాకా? పెట్రోల్ కొట్టించాకా? చివరగా బండి మీద ఎవరు చేయి పెట్టారు, ఏం చేశారు? ఈ ఐదో ప్రశ్నే నాకు అన్నిటికంటే ఎక్కువ సార్లు పనికొచ్చింది. హారన్ బిగించిన చోట నలిగిన వైరు, ఎయిర్ ఫిల్టర్ మార్చాక సరిగ్గా కూర్చోని పైపు, ఇలాంటివి.

తర్వాత కళ్లతో చూడండి. చిన్న ట్రక్కుల్లో ఇంజిన్ చాలావరకు సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తి టార్చి వేయండి. ఎలుక కొరికిన వైర్లు, ఊడిన రబ్బరు పైపు, ఆయిల్ చెమ్మ, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తాయేమో చూడండి. పొలాల పక్కన, గోడౌన్ల దగ్గర ఆగే బండ్లకి ఎలుకల బాధ మామూలే.

సెల్ఫ్ తిరగకపోతే

బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ రెండు పోస్టుల మీద మీటర్ పెట్టండి, డీసీ 20 వోల్టుల మీద. 12.6 ఉంటే ఫుల్లు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12.0కి పడిపోయిందంటే ముందు చార్జింగ్ పెట్టి అప్పుడు మాట్లాడండి. చార్జి లేని బ్యాటరీ మీద చేసే టెస్టులన్నీ అబద్ధాలే చెబుతాయి.

ఇప్పుడు మీటర్ పోస్టుల మీదే ఉంచి ఇంకొకరిని తాళం తిప్పమనండి. మూడు రకాల జవాబులు వస్తాయి.

వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా సెల్ఫ్ మోటారు జామ్ అయి ఎక్కువ కరెంటు లాగుతోంది. తెలిసిన మంచి బ్యాటరీ పెట్టి చూస్తే రెండిట్లో ఏదో తేలిపోతుంది.

వోల్టేజి 10 పైనే ఉండి సెల్ఫ్ మామూలుగా తిరుగుతుంటే ఈ భాగం వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి.

వోల్టేజి 12 దగ్గరే కదలకుండా నిలబడి, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే బ్యాటరీ తప్పేం లేదు, అందులోంచి సరిపడా కరెంటు వెళ్లడం లేదు. నా బండిలో జరిగింది సరిగ్గా ఇదే. ఆ రోజు ఈ ఒక్క కొలత తీసి ఉంటే కొత్త బ్యాటరీ కొనేవాణ్ని కాదు.

ఇక్కడే వోల్టేజి డ్రాప్ టెస్టు చేయాలి, అంటే దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. ఇది వచ్చినవాడికి సగం ఎలక్ట్రికల్ పని వచ్చినట్టే, కాబట్టి నిదానంగా చూడండి. మీటర్ నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. ఎర్ర పిన్ను ఇంజిన్ మీద శుభ్రమైన లోహం ఉన్నచోట గుచ్చండి, రంగు మీద పెడితే లాభం లేదు. తాళం తిప్పించండి. 0.2 వోల్టు లోపు వస్తే ఎర్త్ బాగుంది. నా బండిలో 3 దాటింది. అంటే సెల్ఫ్‌కి అందాల్సిన 12 వోల్టుల్లో నాలుగో వంతు ఆ తుప్పులోనే పోయింది. అప్పుడు ఎర్ర పిన్నును ఒక్కో మెట్టే బ్యాటరీ వైపు జరపండి: ఇంజిన్, ఎర్త్ పట్టీ చివర, చాసిస్, మైనస్ క్లాంపు. ఎక్కడ రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుందో, ఆ చోటికీ అంతకు ముందు చూసిన చోటికీ మధ్య జాయింటే దొంగ. ఇదే పని ప్లస్ వైపు కూడా చేయండి, బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మీద ఉన్న పెద్ద బోల్టు దాకా. అక్కడ అర వోల్టు వరకు సరిపెట్టుకోవచ్చు.

ఓం మీటర్‌తో చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా ఓం మీటర్ ‘బాగుంది’ అంటుంది. లోడు పడినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

‘టక్’ అని కూడా అనకపోతే సెల్ఫ్ మీదికి వచ్చే సన్న వైరు చూడండి. తాళం తిప్పినప్పుడు దానికి దాదాపు బ్యాటరీ వోల్టేజి అందాలి. అందితే, పెద్ద కేబుల్, ఎర్త్ కూడా బాగుంటే సెల్ఫ్ పోయింది. అందకపోతే ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), తాళం స్విచ్, బండికి ఉంటే క్లచ్ స్విచ్, ఈ వరుసలో వెనక్కి వెళ్లండి. రిలే అనుమానమైతే ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

తిరుగుతుంది, అంటుకోదు

తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా చెవి పెట్టండి. ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు ‘జుయ్’ మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే, ఆ తర్వాత పంపు దగ్గర కనెక్టర్‌లో కరెంటు. చప్పుడు వచ్చినంత మాత్రాన ప్రెషర్ ఉందని కాదు. ఈ రకం ఇంజిన్లలో సాధారణంగా 3, 4 బార్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె సర్వీసు పుస్తకంలో చూడండి. ఎప్పుడూ రిజర్వులోనే తిప్పే బండ్లలో పంపు తొందరగా పోతుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కదా.

తర్వాత ఓబీడీ రీడర్ పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా ఫోన్‌లో సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడు కనిపెట్టేది) సిగ్నల్ బండి కంప్యూటర్‌కి అందడం లేదు. అది లేకపోతే స్పార్కూ ఉండదు, ఇంజెక్టరూ తెరుచుకోదు. పి0335 కోడ్ దీనిదే. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిలో ముందు అనుమానించాల్సింది ఈ సెన్సార్‌నే. సెన్సార్ కొనే ముందు కనెక్టర్ లాగి పిన్నుల మీద మట్టి, ఆయిల్ ఉన్నాయేమో చూడండి.

స్పార్క్ చూడటానికి స్పార్క్ టెస్టర్ వాడండి. పాత స్కూటర్ అలవాటుతో ప్లగ్గు చేత్తో పట్టుకుని బాడీకి ఆనించకండి. ఇప్పటి కాయిల్స్ వేల వోల్టులు ఇస్తాయి, పైగా కాయిల్ కూడా కాలిపోవచ్చు.

ప్లగ్గు విప్పితే తడిగా, పెట్రోల్ వాసనతో ఉందా? పెట్రోల్ అందుతోంది, స్పార్క్ లేదు, లేదా ఎక్కువ పెట్రోల్‌తో మునిగింది. మునిగిన ఇంజిన్‌కి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి, చాలా బండ్లలో కంప్యూటర్ అప్పుడు ఇంజెక్టర్లను ఆపుతుంది. ప్లగ్గు ఎండిపోయి ఉంటే పెట్రోల్ అందడం లేదు.

వానాకాలంలో ఇంకొకటి చూడాలి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని తనలోకి పీల్చుకుంటుంది, హద్దు దాటితే రెండూ కలిసి ట్యాంకు అడుగుకి దిగిపోతాయి. పంపు లాగేది ఆ అడుగు నుంచే. అనుమానముంటే కొంచెం పెట్రోల్ గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు దించి కడగాల్సిందే.

మిస్సింగ్ కొడుతుంటే

మిస్సింగ్ అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి మానేస్తే బండి వణుకుతూనైనా ఇల్లు చేరుస్తుంది. రెండు సిలిండర్ల బండిలో ఒకటి మానేస్తే సగం ఇంజిన్ పోయినట్టే, లోడుతో చిన్న ఎత్తు కూడా ఎక్కదు. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నిదానంగా చూసుకోవచ్చు. టపటపా మినుకుతుంటే మాత్రం ఆపేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి వెళ్లి పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. దాని ధర విన్నాక ఆ రోజు కిరాయి ఒక లెక్కే కాదనిపిస్తుంది.

కోడ్ చదవండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది. పి0300 అంటే అన్నీ అక్కడక్కడా. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే ఇంజిన్ అయితే ఒకటో కాయిల్‌ని రెండో దాని మీద, రెండోదాన్ని ఒకటో దాని మీద పెట్టి, కోడ్ చెరిపి, నడిపి చూడండి. పి0301 పోయి పి0302 వస్తే కాయిల్ పోయింది. కోడ్ కదలకుండా అక్కడే ఉంటే ప్లగ్గు మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, చివరగా కంప్రెషన్. ప్లగ్గుకి వైరు వెళ్లే ఇంజిన్ అయితే రాత్రి పూట లైట్లన్నీ ఆపి, వైర్ల మీద కొంచెం నీటి తుంపర కొట్టి చూడండి. నీలం మెరుపులు కనిపిస్తే అక్కడ లీకవుతోంది.

విప్పిన ప్లగ్గును పారేయకండి, దాని మూతి చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువ. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, లేదా ఇంజిన్ మితిమీరి వేడెక్కుతోంది.

పి0171 వస్తే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు. పాపం, అది ఉన్నమాట చెప్పినందుకు శిక్ష! ఫోన్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ తెరవండి, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎన్ని శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. స్లో స్పీడులో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎంకి రేజ్ చేస్తే 5కి తగ్గిందా? ఎక్కడో రబ్బరు పైపు చీలి గాలి దూరుతోంది. అదే స్లోలో బాగుండి లోడు మీద పెరుగుతుంటే పంపో ఫిల్టరో నీరసించింది. ఏ దిక్కున వెతకాలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

సీఎన్‌జీ కూడా ఉన్న బండిలో గ్యాస్ మీదే మిస్ అయి పెట్రోల్ మీద బాగుంటే ముందు ప్లగ్గులు, కాయిల్ చూడండి. గ్యాస్ అంటుకోవడానికి గట్టి స్పార్క్ కావాలి, కాబట్టి నీరసపడ్డ ప్లగ్గు గుట్టు గ్యాస్ మీదే ముందు బయటపడుతుంది.

కంప్రెషన్ చూడాల్సి వస్తే ప్లగ్గులన్నీ విప్పి, పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టాలి. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 15 శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే పలక).

వేడెక్కుతుంటే

సీటు వేడిగా తగలడం ఈ బండ్లలో మామూలే, మీటర్ ముల్లు పైకి పోవడం మామూలు కాదు. ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు పెరిగి, రోడ్డెక్కాక తగ్గితే ఫ్యాన్: మోటారు, ఫ్యూజు, రిలే. భాకరాపేట ఘాట్ లాంటి చోట లోడుతో ఎక్కేటప్పుడే పెరుగుతుంటే రేడియేటర్‌లో పారకం లేదు, లేదా బయట రెక్కల మధ్య మట్టి, గడ్డి పేరుకుంది. లోపలి నుంచి బయటికి నెమ్మదిగా నీళ్లు కొట్టండి, జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇంజిన్ వేడెక్కినా రేడియేటర్ కింది పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వు) తెరుచుకోవడం లేదు. దాన్ని పీకి పారేసి నడపమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, వినకండి. చల్లటి ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. చల్లటి బండి స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడినా, కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు వచ్చినా, ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఆ బండిని ఇక నడపొద్దు.

చార్జింగ్, రాత్రికి రాత్రి దిగిపోయే బ్యాటరీ

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు వేసి చూడండి. 13 కంటే తక్కువైతే ముందు బెల్టు బిగువు, తర్వాత డైనమో వెనక బోల్టు నుంచి బ్యాటరీ దాకా వోల్టేజి డ్రాప్. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

పగలు బాగుండి తెల్లారేసరికి దిగిపోతుంటే ఎవరో దొంగచాటుగా తాగుతున్నారని అర్థం. అన్నీ ఆపి, మైనస్ కేబుల్ విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి కేబుల్‌కీ పోస్టుకీ మధ్య కలపండి. ఆ స్థితిలో తాళం తిప్పకండి, మీటర్ ఫ్యూజు పోతుంది. అరగంట ఆగితే కంప్యూటర్లు నిద్రపోతాయి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ రండి, ఏది పీకినప్పుడు పడిపోతుందో ఆ లైన్లో ఉంది దొంగ. నేను చూసినంతలో కంపెనీ వైరింగ్ కంటే తర్వాత తగిలించిన స్టీరియో, రంగు లైట్లు, జీపీఎస్ పెట్టెలే ఎక్కువ.

బ్రేకు నొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలిగే బండ్లు రోడ్డు మీద చాలా కనిపిస్తాయి. అది వెనక లైటు ఎర్త్ తుప్పు. ఇండికేటర్ గబగబా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయింది.

ఇంజిన్ కానివి

ఆర్‌పీఎం పెరుగుతున్నా బండి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. చదునైన ఖాళీ చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో పెట్టి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. పదే పదే చేయకండి, ఉన్న కాస్త ప్లేటూ కాలిపోతుంది.

గేరు మార్చి కదిలేటప్పుడు కింద ‘టంగ్’ మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరు బాక్సు నుంచి వెనక చక్రాలకి వెళ్లే రాడ్డు) క్రాసులు చూడండి. స్పీడుతో పెరిగే గుర్రుమనే చప్పుడు ఎడమకి తిప్పినప్పుడు ఎక్కువైతే కుడి చక్రం బేరింగు, కుడికి తిప్పినప్పుడైతే ఎడమది. పది కిలోమీటర్లు నడిపాక నాలుగు హబ్బుల దగ్గరా చేయి చూపండి. ఒకటి మిగతా వాటికంటే బాగా కాలుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసింది. బ్రేకు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు, బండి కదపకుండా మెకానిక్‌ని పిలిపించండి. ఇంజిన్ అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆయిల్ లైటు, పెట్రోల్ లీకు, వీటికీ అంతే.

మెకానిక్ దగ్గరికి వెళ్లినా “స్టార్ట్ కావట్లేదన్నా, ఏదో చూడు” అనకండి. “అన్నా, బ్యాటరీ 12.6 ఉంది, తాళం తిప్పితే కూడా 12 దగ్గరే ఉంది, ఎర్త్ మీద 3 వోల్టులు పోతోంది” అనండి. వారంటీలో ఉన్న బండి అయితే సీల్ ఉన్నవి ముట్టుకోకుండా ఈ అంకెలే సర్వీసు సెంటర్‌లో రాయించండి.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపేసి, ఒకసారి ఖాళీగా, ఒకసారి లోడుతో, కనీసం నలభై కిలోమీటర్లు తిప్పి మళ్లీ స్కాన్ పెట్టండి. కోడ్ తిరిగి రాకపోతే తేదీ, కిలోమీటర్లు, ఏం కొలిచారో, ఏం మార్చారో నోట్‌బుక్‌లో రాసి డాష్‌బోర్డు డ్రాలో పెట్టండి. నా పుస్తకంలో మొదటి పేజీ మీద ఒకే లైను ఉంది: “ఎర్త్ బోల్టు, 10 నిమిషాలు, ఖర్చు లేదు.”